నలభై ఒకటో నిమిషం

ఉదయం ఆరూ పదకొండుకి ఓవెన్ మళ్ళీ ఆగిపోయింది. వరసగా ఇది మూడో రోజు. తెర మీద వేడి చూపించే అంకె పోయి F4 అని వచ్చింది. లోపల నలభై బ్రెడ్డు అచ్చులు సగం కాలి, సగం పచ్చిగా మిగిలిపోయాయి.

అప్పుడు బేకరీలో ముగ్గురం ఉన్నాం. యజమానురాలు మా అక్క, కౌంటరు చూసే నేను, ఇరవై రెండేళ్ళుగా పొద్దున్నే ఓవెన్ ముందు నిలబడే మాస్టారు. అక్క తెర వంక చూసింది, గోడ గడియారం వంక చూసింది, తర్వాత మాస్టారి వంక చూసింది. ఆ మూడో చూపు నాకు నచ్చలేదు.

దానికి కారణం ఉంది. ముందురోజు ఓవెన్ కంపెనీ తరఫున సర్వీసు ఇంజనీరు వచ్చి వెళ్ళాడు. ఎండాకాలంలో కూడా మెడలోని టై తీయని మనిషి కాబట్టి మేమంతా టై ఇంజనీరు అంటాం. కంట్రోల్ బోర్డులోకి నీళ్ళు దిగి చెడిపోయిందనీ, ఇది వాడేవాళ్ళ నిర్లక్ష్యమనీ ఒక కాగితం రాశాడు. పొద్దున వచ్చి సంతకం తీసుకుంటానన్నాడు. మా బేకరీలో ఓవెన్ని తడిగుడ్డతో తుడిచేది మాస్టారొక్కరే. ఇంక పేరు రాయడం దేనికి? ఇవాళ మధ్యాహ్నం పన్నెండు దాకా పని చేసి ఇక రావద్దని అక్క ఆయనకి చెప్పేసింది.

ఆయన తల ఊపారు. తాను చేయలేదని అనలేదు, పొరపాటైందని కూడా అనలేదు. ఇరవై రెండేళ్ళ మనిషి అలా తల ఊపి పిండి కలుపుకోవడానికి వెళ్ళిపోవడం నాకు మింగుడు పడలేదు. అందుకే అక్కకి తెలియకుండా అప్పటికప్పుడు మీటరమ్మకి ఫోన్ చేశాను.

ఆవిడ అసలు పేరు ఈ వీధిలో ఎవరికీ గుర్తులేదు. కాలిపోయిన ఇళ్ళలో నిప్పు ఎక్కడ పుట్టిందో తేల్చే ప్రభుత్వ శాఖలో ఇరవై ఏళ్ళు పని చేసి బయటికొచ్చింది. ఇప్పుడు ఎవరింట్లో ఏ యంత్రం మొరాయించినా, దాని వెనక ఎవరి మీద నింద పడినా, ఆవిడ్ని పిలుస్తారు. భుజానికి సంచి, సంచిలో తీగల్ని పరీక్షించే మీటరు. దేన్నయినా ముందు దాంతో ముట్టుకున్నాకే మాట్లాడుతుంది. 

సరిగ్గా ఆరూ ముప్ఫై నాలుగుకి వచ్చింది. అక్క నా వంక ఒక చూపు చూసింది గానీ, ఇంటికొచ్చిన మనిషి ముందు ఏమీ అనలేక టీ తాగమంది. మీటరమ్మ టీ వద్దంది. తలుపు తీయొద్దని, ఓవెన్ని చల్లారనివ్వొద్దని ఫోన్లోనే చెప్పాను కదా, పాటించారా అని నన్నడిగింది. పాటించామన్నాను. కరెంటు తీయించి, పక్క మూత ఊడదీసి, వేడి కొలిచే సెన్సర్ నుంచి వచ్చే ప్లగ్గుని బోర్డు నుంచి విడదీసి, మీటరు రెండు మొనలూ దానికి తగిలించింది. అంకె ఏమీ రాలేదు. మీటర్ని అలాగే వదిలేసి స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎన్నింటికి ఆన్ చేశారు?" అనడిగింది.

"అయిదున్నరకి," అంది అక్క.

"ఆన్ చేసిందెవరో వాళ్ళని అడుగుతున్నానండీ."

మాస్టారు గోడకి తగిలించిన పలక వైపు చేయి చూపించారు. ఏ రోజు ఓవెన్ ఎన్నింటికి ఆన్ చేశారో, ఏ సరుకు ఎన్నింటికి లోపల పెట్టి తీశారో ఆ పలక మీద సుద్దముక్కతో రాసుకోవడం ఆయన అలవాటు. శనివారం దాకా తుడవరు. మీటరమ్మ లేచి వెళ్ళి పలక ముందు నిలబడింది. మొదటి రోజు అయిదు ముప్ఫైకి ఆన్ చేస్తే ఆరూ పదకొండుకి ఆగింది. రెండో రోజు అయిదు ముప్ఫై ఒకటికి చేస్తే ఆరూ పన్నెండు. ఇవాళ మళ్ళీ ఆరూ పదకొండు. రెండో రోజు వరస కింద ఇంకో చిన్న వరస ఉంది: ఆరూ ముప్ఫై అయిదుకి మళ్ళీ ఆన్ చేశారు, ఆరూ నలభై నాలుగుకి ఆగింది.

"మూడు రోజులూ నలభై ఒక్క నిమిషం. వేడి మీద ఆన్ చేస్తే తొమ్మిదే నిమిషాలు," అంది ఆవిడ. మాస్టారి వైపు తిరిగి, "సగం కేసు మీరే రాసిపెట్టారండీ. మా ఆఫీసులో జీతం తీసుకునేవాళ్ళు కూడా ఇంత శ్రద్ధగా రాసేవాళ్ళు కాదు," అంది.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఈ రెండ్రోజుల్లో ఆయన్ని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు.

ఓవెన్ని ఈ మధ్య గోడ నుంచి జరిపారా అన్నది తర్వాతి ప్రశ్న. గోడకి రంగులు వేయించినప్పుడు జరిపామని అక్క చెప్పింది. పది రోజులైంది. అక్క అల్లుడు దగ్గరుండి ఆ పని చూసుకున్నాడు. పక్క గదిలోనే అతని ఫోన్ల రిపేరు దుకాణం. మాస్టారికి ఆ రోజు సెలవు. సాయంత్రం మర్నాటి పిండి నానబెట్టడానికి మాత్రం ఒకసారి వచ్చి వెళ్ళారు.

"వచ్చినప్పుడు ఏమైనా చూశారా?" మీటరమ్మ మాస్టార్నే అడిగింది.

ఆయన చేతికంటిన పిండి దులుపుకున్నారు. మళ్ళీ దులుపుకున్నారు. అంతే.

ఆరూ యాభై ఎనిమిదికి ఓవెన్ పక్కన వదిలేసిన మీటరు కూ అంది. ఇందాక ఏమీ లేనిచోట పదిహేను వందల పైచిలుకు అంకె వచ్చి నిలబడింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. మీటరమ్మ మాత్రం టైము రాసుకుని, "సెన్సర్ బతికే ఉంది," అంది, రోగి బంధువులతో డాక్టరు అన్నట్టు. "తెగిన తీగ తనంతట తాను అతుక్కోదు. వేడెక్కితే విడిపోయి, చల్లారితే కలుసుకునేది ఒకటే ఉంటుంది. అతుకు."

ఏడుంబావుకి టై ఇంజనీరు వచ్చాడు. మూత తీసి ఉన్న ఓవెన్నీ, దాని ముందు కూర్చున్న ఆవిడ్నీ చూసి గుమ్మంలోనే ఆగాడు.

"మీరెవరండీ?"

"మీటరు చూసేదాన్ని."

"కరెంటు మీటరు బయట గోడకుంటుంది."

"అది కూడా చూస్తాను. ముందు ఇది చెప్పండి, F4 అంటే మీ పుస్తకంలో ఏం రాశారు?"

"సెన్సర్ నుంచి కబురు అందడం లేదని."

"కబురు అందలేదంటే పంపేవాడైనా పోయుండాలి, వినేవాడికి చెవుడైనా వచ్చుండాలి, మధ్యలో దారైనా తెగుండాలి. బోర్డే పోయిందని మీకెలా తెలిసింది?"

"పదకొండేళ్ళ అనుభవం."

"ఓవెన్ వెనక చూశారా?"

"అది రెండు వందల కిలోలు."

"అంటే చూడలేదు," అంది ఆవిడ, కోపమేమీ లేకుండా.

అతను ఊరుకోలేదు. బోర్డు కూడా వేడికే మొరాయించొచ్చనీ, నలభై ఒక్క నిమిషాల లెక్క దానికీ సరిపోతుందనీ, సందేహం ఉంటే కంపెనీని అడగమనీ అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాటలో నాకు తప్పేమీ కనిపించలేదు. మీటరమ్మ కూడా ఒప్పుకుంది. "మంచి మాటన్నారు. అయితే బోర్డుని విడిగా కూర్చోబెట్టి అడుగుదాం," అంటూ సంచిలోంచి బియ్యపుగింజంత ముక్క తీసింది. రెండు పక్కలా తీగ మీసాలు. కరెంటుకి పదిహేను వందల ఓమ్‌ల అడ్డు పెట్టే రెసిస్టర్ అట, ఇందాక మీటరు చూపించిన అంకెకి దగ్గరది. సెన్సర్ ప్లగ్గు ఉండాల్సిన చోట దాన్ని పెట్టి కరెంటు వేసింది. ఓవెన్ వేడెక్కకుండా వంద డిగ్రీలకి తిప్పి ఉంచింది. తెర మీద 130 అని వచ్చింది.

"సెన్సర్ బదులు ఇదే మాట్లాడుతోంది. లోపల ఎంత వేడున్నా బోర్డుకి నూట ముప్ఫై అనే చెబుతుంది," అంది. ఆ తర్వాత హెయిర్ డ్రయ్యర్ ఉంటే తెమ్మని నన్నడిగింది.

నా డ్రయ్యరుతో బోర్డుకి తలంటు పోసినట్టు పదిహేను నిమిషాలు వేడి గాలి కొట్టింది. పట్టుకుంటే చెయ్యి కాలేంత వేడెక్కింది బోర్డు. తెర మీద నూట ముప్ఫై చెక్కు చెదరలేదు. F4 రాలేదు. "ఈవిడ నిర్దోషి," అంటూ డ్రయ్యర్ నా చేతికిచ్చింది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అక్క కూడా పెదవి బిగబట్టింది. టై ఇంజనీరు మాత్రం కాసేపు ఆ బియ్యపుగింజ ముక్కనే చూసి, దాని మీది రంగు గీతలు వంగి చూసి, ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. పరువు పోయి వెళ్ళాడనుకున్నాను. 

ఓవెన్ జరపడానికి అక్క అల్లుణ్ణి పిలిచింది. అతను, మాస్టారు, నేను కలిసి మూడుసార్లు తోస్తే గానీ అది గోడని వదల్లేదు. మీటరమ్మ మాస్టార్ని ఒక పిండిముద్ద అడిగి తీసుకుంది. వెనక మూతకున్న ఎనిమిది స్క్రూలు తీస్తూ, అవి మూత మీద ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో పిండిముద్దకి గుచ్చింది. ఇన్నేళ్ళుగా ఇంట్లో మిక్సీ విప్పిన ప్రతిసారీ ఒక స్క్రూ మిగిల్చిన దాన్ని నేను. ఆ ముద్దని చూస్తే నాకు దండం పెట్టాలనిపించింది.

ఎనిమిది స్క్రూల తలలూ చెక్కుకుపోయి ఉన్నాయి. "పెద్ద స్క్రూలని చిన్న స్క్రూడ్రైవరుతో తిప్పారు," అంది. మూత దించింది. వేడి బయటికి పోకుండా చుట్టిన గాజుదూది పొరలో రెండు వేళ్ళు పెట్టి, సెన్సర్ తీగని పట్టుకుని నెమ్మదిగా లాగింది. జానెడు తీగ బయటికొచ్చాక దాని మీద మాడిపోయిన నల్లటేపు కనిపించింది. టేపు వేలికి బూడిదలా రాలింది. దాని కింద రెండు అతుకులు, వెండి చుక్కల్లా మెరుస్తున్నాయి. ఒకటి గట్టిగా ఉంది. ఇంకొకటి విడిపోయి, రెండు కొసలూ ఊరికే ఆనుకుని ఉన్నాయి.

భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. "ఎంత చక్కటి చెయ్యి," అంది. వెటకారం కాదు, నిజంగానే మెచ్చుకుంది. "సన్నటి పని చేసి చేసి అలవాటైన చెయ్యి. కానీ ఓవెన్ పని తెలిసిన చెయ్యి కాదు. సోల్డరింగ్‌లో వాడే టంకం నూట ఎనభై దాటితే కరుగుతుంది. దూదిపొరలో కనబడకుండా దాచేసరికి ఆ వేడి తగిలింది. టేపు ఉన్నన్నాళ్ళు పట్టి ఉంచింది. వారానికి టేపు కాలిపోయింది. బయట వదిలేసి ఉంటే ఇంకో ఏడాది ఆడేది. చేసినందుకు కాదు, దాచినందుకు చెడింది."

ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. అల్లుడే తల వంచుకుని ముందుకొచ్చాడు.

"నేనే అత్తయ్యగారూ," అన్నాడు.

రంగులు వేసే రోజు వెనకంతా దుమ్ముందని తానే మూత విప్పాడట. మళ్ళీ బిగిస్తుంటే తీగ మూత అంచు కింద పడి తెగింది. అత్తగారికి చెప్పడానికి నోరు రాలేదు. తన దుకాణంలోంచి సామాను తెచ్చి, అతికించి, లోపలికి తోసేశాడు. బాగానే పని చేస్తోంది కదా అని మర్చిపోయాడు. మొన్న మొదటిసారి F4 వచ్చినప్పుడు చెప్పాలనుకున్నాడు. అంతలో ఇంజనీరు బోర్డు అన్నాడు, నీళ్ళన్నాడు. బతికిపోయాననుకున్నాడు.

"నీ బదులు ఆయన పోతుంటే చూస్తూ ఊరుకున్నావా బాబూ?" అంది అక్క. అరవలేదు. అరిస్తేనే బాగుండేది.

"మాస్టారికి తెలుసు," అన్నాడు అల్లుడు. "సాయంత్రం పిండి నానబెట్టడానికి వచ్చి నేను అతికిస్తుంటే చూశారు. చెప్పేస్తారనుకున్నాను."

అక్క మాస్టారి వైపు తిరిగింది. ఆయన బల్ల మీద పిండి గీకుతున్నారు. మా అక్క కూతురు మూడేళ్ళ పిల్లగా ఆ బల్లెక్కి కూర్చుని ఆయన దగ్గర పిండితో పిచ్చికలు చేయడం నేర్చుకుంది. దాని పెళ్ళయి ఆరు నెలలు. ఆయన ఎందుకు తల ఊపి ఊరుకున్నారో అక్కకి అప్పుడు అర్థమైంది. నాకూ అర్థమైంది.

మీటరమ్మ మా మొహాలు చూడకుండా తన పని తాను చేసుకుంది. అతుకులున్న ముక్కని కత్తిరించి పారేసింది. వేడికి తట్టుకునే తీగ వేసి, పింగాణీ కనెక్టర్లో బిగించి, దూదిపొరకి దూరంగా బయటివైపు నుంచి తిప్పింది. తర్వాత మూలనున్న బొత్తాం లాంటి భాగం దగ్గర నుంచి వేలెడంత పసుపు తీగ ఒకటి పీకి, జేబులో వేసుకుంది. విడిగా వేలాడుతున్న రెండు కొసలని ఆ బొత్తాంకి తగిలించింది. చెత్త తీసేసిందనుకున్నాను. ఎనిమిదీ ముప్ఫై ఎనిమిదికి ఓవెన్ ఆన్ చేసింది. మాస్టారు అలవాటు ప్రకారం పలక మీద రాశారు.

అప్పటికి టై ఇంజనీరు లోపలికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ముప్ఫై అయిదో నిమిషానికి అందరం తెర ముందుకి చేరాం. నలభయ్యో నిమిషంలో అక్క నా చెయ్యి పట్టుకుంది. నలభై ఒకటి. తెర మీద రెండు వందల ముప్ఫై. నలభై రెండు, నలభై మూడు. ఆ అంకె అలాగే నిలబడింది. మాస్టారు సుద్దముక్క పక్కన పెట్టి, కొత్త అచ్చులు తీసుకొచ్చి, ఒక్కొక్కటే లోపలికి తోశారు.

అక్క టై ఇంజనీరు కాగితాన్ని నాలుగుగా మడిచి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని జేబులో పెట్టుకుని వెళ్ళబోయాడు.

"ఒక్క నిమిషం," అంది మీటరమ్మ. జేబులోంచి పసుపు తీగ తీసి అరచేతిలో పెట్టి చూపించింది. "ఇది మీదే కదా? రెండు కొసలకీ మీ కంపెనీ ముద్ర ఉన్న క్లిప్పులు నొక్కి ఉన్నాయి."

అతను దాన్ని చూసి టై సర్దుకున్నాడు.

"మూలనున్న ఆ బొత్తాం ఓవెన్ హద్దు మీరి వేడెక్కితే కరెంటు ఆపేసే సేఫ్టీ స్విచ్. దాన్ని ఈ తీగతో తప్పించారు. ఈ బాబు మూత విప్పేసరికే ఉందా ఇది?"

ఉందని అల్లుడు తల ఊపాడు. తాను ముట్టుకోలేదన్నాడు.

"అయిదు నెలల కిందట ఊరికే ఆగిపోతోందని కంప్లయింట్ ఇచ్చారు," అన్నాడు ఇంజనీరు. "కొత్త స్విచ్చులు స్టాకు లేవు. తాత్కాలికంగా..."

"నలభై అయిదు నిమిషాల నుంచి పాతదే పని చేస్తోంది. ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. మూడు రోజులుగా వీళ్ళు ఆ F4ని తిట్టుకుంటున్నారు గానీ, ఈ ఓవెన్‌కి మిగిలిన కాపలా అదొక్కటే. ఇంకా ఎన్నింటికి ఇలా చేశారు?"

ఇంకో ఓవెన్‌కి కూడా, అన్నాడు. ఆడపిల్లల హాస్టల్ వంటగదిలో ఉందట. అక్కడ కూడా నిన్నటి నుంచి F4 వస్తోంది.

మీటరమ్మ మొహంలో రంగు మారడం నేను మొదటిసారి చూశాను. "ఇందాక వరండాలోకి వెళ్ళి ఎవరితో మాట్లాడారు?"

"హాస్టల్ ఎలక్ట్రీషియన్‌తో. మీరు పెట్టిన ముక్కే పెట్టమన్నాను. పదిహేను వందలది. కోడ్ పోతుంది కదా, సెన్సర్ వచ్చేదాకా నడుస్తుందని..."

నాకు అర్థమవడానికి రెండు క్షణాలు పట్టింది. లోపల ఎంత వేడున్నా బోర్డుకి నూట ముప్ఫై అనే చెబుతుంది. వాళ్ళు రెండు వందలు పెడతారు. రెండు వందలు అయ్యేదాకా వేడి చేస్తూనే ఉంటుంది. ఎప్పటికీ అవదు. ఆపాల్సిన స్విచ్ లేదు.

"ఎన్నింటికి ఆన్ చేశారు?"

"ఎనిమిదికి ముందే."

గోడ గడియారం తొమ్మిదీ ఇరవై ఆరు చూపిస్తోంది. మీటరమ్మ ఫైరింజను కోసం తన ఫోన్లో పాత ఆఫీసు నంబరు నొక్కుతూ, హాస్టల్‌కి చేయమని అతనికి సైగ చేసింది. అతను నంబరు వెతుకుతుంటే అల్లుడు ఫోన్ లాక్కుని కలిపి, అందరికీ వినబడేలా పెట్టాడు. వంటమనిషి ఎత్తింది. ఓవెన్ బాగానే ఉందనీ, కోడ్ రాలేదనీ, నూట ముప్ఫై దగ్గరే ఉందని ఇంకా కాలనిచ్చామనీ చెప్పింది. "కానీ పక్కన నిలబడలేకపోతున్నామండీ. తలుపు పిడి ముట్టుకోనివ్వట్లేదు. సందుల్లోంచి పొగొస్తోంది. తీసి చూడనా?"

బల్ల దగ్గర నుంచి ఒక చెయ్యి వచ్చి ఫోన్ అందుకుంది. చెయ్యంతా పిండి.

"తీయకు తల్లీ," అన్నారు మాస్టారు. పొద్దున్నుంచీ ఆయన గొంతు వినడం అదే మొదలు. పిండి పొంగిందో లేదో చెప్పినంత నిదానంగా చెప్పారు. "తలుపు తీస్తే గాలి తగిలి లోపల మంట లేస్తుంది. నీళ్ళు పొయ్యకు. పిల్లలెక్కడ?"

"పక్క హాల్లో, తింటున్నారు."

"కంచాలు వదిలేసి బయటికి పొమ్మను. ముందు ఆ పని చెయ్యి. నేను ఫోన్లోనే ఉంటాను."

బెంచీలు జరిగిన చప్పుడు, చాలా అడుగుల చప్పుడు వినిపించాయి. అక్క బండి తాళాలు తీసుకుంది. మాస్టారి ముందుకొచ్చి నిలబడింది. ఏదో పెద్ద మాట అంటుందనుకున్నాను. "మాస్టారూ, మీరు ముందు సీట్లో కూర్చోండి," అంది, అంతే. ఆయన ఫోన్ చెవి దగ్గర నుంచి తీయకుండానే ఆవిడ వెంట నడిచారు. ఓవెన్ ముందు నన్ను ఉండమని అల్లుడు బండి వైపు కదిలాడు. కానీ కాళ్ళు ఆగితేగా. ఓవెన్నీ టై ఇంజనీర్నీ అతనికే అప్పజెప్పి, మీటరమ్మ పక్కన వెనక సీటెక్కాను.

వంటమనిషి గొంతు మళ్ళీ వినిపించింది. పిల్లలంతా బయటికి వెళ్ళారట.

"బంగారు తల్లివి. ఇప్పుడు మెయిన్ స్విచ్ ఆపాలి. ఎక్కడుంది?"

"ఓవెన్ వెనక గోడకుందండీ. సందులోకి చెయ్యి పెడితే అందుతుంది."

"వద్దు," అన్నారు మాస్టారు. "పెట్టొద్దు. నువ్వు కూడా బయటికి పో. వింటున్నావా?"

ఆమె జవాబు చెప్పలేదు. ఓవెన్ తలుపు అద్దం పగిలిన చప్పుడు మాత్రం బండిలో ఉన్న నలుగురికీ వినిపించింది.